టీకాలాయన దేశాలు

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి, గురువారం, పొద్దున్న ఎనిమిది గంటల పది నిమిషాలు. పెడనలో మా అద్దకాల వీధి నడిమధ్యన నా కూతురి ఎడమ చేతి మీద రెండోసారి టీకా పడిన నిమిషం అది. అప్పట్లో మా వీధి మొత్తం వెతికినా ఒక్క గడియారం లేదు. నాకు అంకెలే రావు. అయినా నిమిషంతో సహా చెబుతున్నానంటే, టీకాలు వేసే ఆయన తన చేతి గడియారం చూసి వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాడు కాబట్టి.

“ఎనిమిదీ పదండీ! ఎనిమిదీ ఇరవైదాకా ఎవరూ చెయ్యి ముట్టుకోకూడదండీ! ఆరనివ్వండి!”

అది భయపెట్టే అరుపు కాదు. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కినవాడి అరుపు.

మొన్న బందరు బస్టాండులో ఎండు చేపల బుట్టతో ఒకామె నా పక్కన కూర్చుంది. నాగాయలంక అవతల ఏదో లంక ఆమెది. ఏ ఊరు పిన్నిగారూ అని అడిగితే పెడన అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది.

“నిజంగా పెడననా అండీ? మా నాన్న ఉన్నన్నాళ్ళూ, మాలో ఎవరైనా తప్పు చేసి దాచకుండా వచ్చి చెప్పేస్తే ‘సెబాసు, నువ్వు పెడనే!’ అనేవాడు. ఎందుకంటావు నాన్నా అంటే, మా లంకకి టీకాలేసే ఆయన వచ్చేవాడంట, ఆయన మాటంట అది.”

“ఆ టీకాలాయన ఇప్పుడెక్కడున్నాడమ్మా?” అన్నాను.

“పోయాడండీ, ఈ చైత్రంలోనే. పెద్దాయన అయిపోయాడుగా” అని ఆమె బస్సెక్కేసింది. నా బస్సు కూడా వచ్చింది. నేను ఎక్కలేదు. దాని తర్వాత వచ్చింది కూడా ఎక్కలేదు.

ఏడుపు రాలేదు. నిండుగా బతికి పోయిన మనిషి. కానీ మా ఊరి పేరు ఆయన నోట్లో పడి సముద్రం అంచుదాకా వెళ్ళిందని తెలిసేసరికి ఊరుకోబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి కాగితం తీశాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. గుండ్రంగా రావు.

ఆయనకు గవర్నమెంటు పుస్తకంలో పేరొకటి ఉండే ఉంటుంది. మేం టీకాలాయన అన్నాం, ఆయన పలికాడు. మశూచికాన్ని దేశంలోనే లేకుండా చేస్తామని గవర్నమెంటు కొత్తగా బయల్దేరిన రోజులవి. ఇంటింటికీ మనిషిని పంపారు. గుడివాడ నుంచి బందరు దాకా రైలు ఆగే ప్రతి ఊరూ, కృష్ణ దాటి దివిసీమ లంకలూ ఈయన నడిచిన నేల. సన్నటి మనిషి, నలభై లోపు వయసు. భుజాన సంచి, నడుముకు వేలాడే ఫ్లాస్కు, చేతిలో గొడుగు. ఆ ఫ్లాస్కులో మంచు, మంచు మధ్యన చిన్న గాజు గొట్టాల్లో టీకా మందు. గొడుగు మాత్రం ఆయనది కాదు, ఫ్లాస్కుది. మొల దగ్గరికి వంచి ఫ్లాస్కు మీద నీడ పడేట్టు పట్టుకుని, తను ఎండలో మాడుతూ నడిచేవాడు.

మా బల్ల దగ్గర బట్టల మీద చెక్క అచ్చులు అద్దే మస్తాను ఊరుకునే మనిషి కాదు. మొదటిసారి చూసినప్పుడే వరస కలిపేశాడు.

“ఏం బావా, పెళ్ళికూతురికి పట్టినట్టు పడుతున్నావే గొడుగు?”

“పెళ్ళికూతురికి ఎండ తగిలితే కాస్త నల్లబడుతుంది మస్తానూ. దీనికి తగిలితే చచ్చిపోతుంది.”

ఇక ఆయన దేశాల సంగతి. చొక్కా చెయ్యి పైకి మడిచి, మందు చుక్క వేసి, పళ్ళ చక్రం ఉన్న చిన్న పనిముట్టు చర్మం మీద ఆనించి తిప్పేలోపు, మనకు నొప్పి తెలియకుండా ఆయన ఏదో ఒక దేశంలోకి తీసుకుపోయేవాడు.

“రష్యాలో ఎలాగో తెలుసా అండీ? పైనుంచి హుకుం వచ్చిందంటే వచ్చిందే. ఎంత పెద్ద దేశమండీ అది! ఒక మూల పొద్దు పొడుస్తుంటే ఇంకో మూల పొద్దు గూకుతుంది. అంత దేశం చెయ్యి చాచి నిలబడింది! ఇంగ్లండువాళ్ళు అలా కాదు. టీకా ముందు కనిపెట్టింది వాళ్ళే. కానీ నా మనస్సాక్షి ఒప్పుకోదండీ అని కాగితం రాసిస్తే వదిలేశారు. అమెరికాలో ఏ రాష్ట్రం వంట ఆ రాష్ట్రానిదే. చాలాచోట్ల బడి గుమ్మం దగ్గర పట్టుకుంటారు. చేతి మీద మచ్చ లేకపోతే పలక లేదు. అయిపోయిందండీ, చెయ్యి దించండి.”

అంత ఉత్సాహంగా చెప్పేవాడు, ఏదో కోడిపందెంలో ఏ పుంజు గెలుస్తుందో చెబుతున్నట్టు. చెప్పి ఊరుకోడు. ఇళ్ళకు, వీధులకు దేశాల పేర్లు పెట్టేశాడు. అవనిగడ్డ పక్కన ఒక ఊరి మునసబుగారు పొద్దున్నే దండోరా వేయించి మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరంతా పూర్తి చేయించాడట, అది రష్యా. బందరులో ఒక ప్లీడరుగారి ఇంట్లో కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, వంట్లో నలతగా ఉంది మళ్ళీ రండి అని ఆరుసార్లు పంపేశారట, అది ఇంగ్లండు. గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామి మచ్చ చూపించనివాణ్ణి గేటు లోపలికి రానివ్వడు కనక అమెరికా. ఒక లంకలో పడవ రేవు దగ్గరే పెద్దమనుషులు కూర్చుని, కొత్తగా దిగినవాడికి టీకా ఉందో లేదో చూసి గానీ ఊళ్ళోకి వదలరు, అది సిలోను.

మా అత్త నాంచారమ్మకు ఇదంతా నమ్మబుద్ధి కాలేదు.

“నువ్వు ఆ దేశాలన్నీ తిరిగొచ్చావా నాయనా?”

“నేనా అమ్మగారూ? బెజవాడ దాటలేదండీ.”

“మరి ఎవరు చెప్పారు నీకు?”

“బందరు లైబ్రరీలో పేపర్లు చదువుతాను. పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా పారేయను. బర్మా వెళ్ళొచ్చిన సిపాయిలని, ఓడల్లో పనిచేసొచ్చిన సరంగుల్ని పట్టుకుని అడుగుతాను. ఎవరు ఎక్కడ ఎలా వేయించుకున్నారని ఒక్కటే ప్రశ్న.”

“పని లేక” అంది మా అత్త.

“ఇదే పనండీ! ఒకే మందు, ఒకే రోగం. మనుషులే వేరు. ఎవరు ఎలా చేస్తే పని జరిగిందో తెలిస్తేనే కదా ఇక్కడ చేయగలం.”

“అయితే మా వీధి ఏ దేశం?”

ఆయన వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. ఆరేసిన బట్టలు, కరక్కాయ నీళ్ళ గోళేలు, బల్లల మీద అచ్చుల చప్పుడు. “మీదింకా తేలలేదండీ” అన్నాడు.

ఆయన ఎడమ చెయ్యి గురించి చెప్పకపోతే ఆయన్ని చెప్పినట్టే కాదు. ఎవరైనా భయపడి వెనక్కి తగ్గితే, ముందు తన చేతి మీదే గీసుకుని చూపించేవాడు. ఎన్ని ఇళ్ళల్లో భయపడ్డారో అన్ని మచ్చలు. మోచేతి నుంచి భుజం దాకా మచ్చ పక్కన మచ్చ, వరస తప్పకుండా. “మా బల్ల మీద పరిచిన బట్ట లాగుంది నీ చెయ్యి. ఏ రంగు వేయమంటావు?” అన్నాడు మస్తాను.

ఫాల్గుణం వచ్చిన రెండో రోజు మా వీధిలో మొదటిసారి టీకాలు వేశాడు. ఆ రోజు ఆయన ఎంత మురిసిపోయాడో! ఒక్కరూ కాదనలేదు, ఒక్క తలుపూ మూయలేదు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వరసగా వచ్చారు. “రష్యా అయిపోతారేమోనండీ!” అని ఆయన పొంగిపోతుంటే మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎందుకంటే మా అత్త ముందురోజే ఉపాయం చెప్పింది.

పోయిన ఏడు మా చుట్టాలు పక్కనే గూడూరులో టీకా వేయించుకుంటే చేతులు వాచి, జ్వరం వచ్చి వారం రోజులు పని చేయలేకపోయారు. మా అద్దకం పనిలో చెయ్యే దేవుడు. ఎడం చేత్తో అచ్చు పెట్టి, కుడి పిడికిలితో దాని వీపున గుద్దాలి. అటు ఓడల మీద సీమకు పోయే దుప్పట్లు బల్లల మీద ఉన్నాయి. వారం చేతులు కట్టుకుంటే కుదరదు. అట్లాగని గవర్నమెంటు మనిషిని కాదంటే గొడవ. మా అత్త అంది: “వేయించుకుందాం. నవ్వుతూ వేయించుకుందాం. ఆయన అటు పోగానే మన పని మనం చేద్దాం.”

మన పని అంటే పటిక. మా ఇళ్ళల్లో ఉప్పు నిండుకున్నా పటిక నిండుకోదు. ఎర్రరంగు బట్టను పట్టుకుని వదలకుండా ఉండాలంటే పటిక ఉండాల్సిందే. అచ్చు అంచు గీరుకుని వేలు తెగినా, గోళెం పెంకు గుచ్చుకున్నా మా చెయ్యి దానికదే పటిక గడ్డ మీదికి పోతుంది. పటిక నీళ్ళతో కడిగి, గడ్డతో రుద్దితే నెత్తురు కడుతుంది, పుండు పడదు. తాతల నాటి వాడుక.

అందుకని ఆయన ఈ ఇంట్లో గీసి పక్కింటికి వెళ్ళగానే, పెరట్లో మా అత్త ఇత్తడి చెంబుతో సిద్ధం. కడగడం, రుద్దడం. వీధి వీధంతా అట్లాగే చేసింది. నా కూతురికి పదకొండు నెలలు. అది గింజుకుంటుంటే దాని చెయ్యి కదలకుండా పట్టుకుంది నేనే. మా అత్త రుద్దింది.

నాలుగో రోజుకు ఎవరికీ ఏమీ కాలేదు. వాపు లేదు, జ్వరం లేదు. బల్లల దగ్గర అచ్చులు టకటకలాడుతున్నాయి. పక్కన మగ్గాల వీధిలో పిల్లలందరికీ చేతులు పొక్కి ఏడుస్తుంటే మేం గొప్పగా చెప్పుకున్నాం. “మా వీధివాళ్ళ ఒళ్ళు గట్టిది లెండి” అని. ఇంతకంటే తెలివితక్కువ మాట నా నోట్లోంచి మళ్ళీ రాలేదు.

ఎనిమిదో రోజు ఆయన వచ్చాడు. వెంట పైఆఫీసరు. మగ్గాల వీధి చూసుకుని మా వీధికి వచ్చారు. మా ఇంటి ముందే మొదలుపెట్టారు. నా కూతురి చెయ్యి తిప్పి చూశారు. నున్నగా ఉంది. పక్కింటి పిల్ల చెయ్యి నున్నగా ఉంది. చివరిదాకా నున్నగానే ఉన్నాయి.

“వెయ్యకుండానే వేసినట్టు రాశావా?” అన్నాడు ఆఫీసరు.

“వేశానండీ.”

“పొక్కితేనే కదా టీకా పట్టినట్టు. మరి ఒక్కరికి కూడా పొక్కలేదేం?”

ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాస్త పక్కకు పిలిచి, “మంచు కరిగిపోయి మందు పాడైందని రాసి సంతకం పెట్టు. నీ ఉద్యోగం పోకుండా చూస్తాను” అన్నాడు. అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్న నాకు వినబడింది.

“ఎట్లా రాయనండీ? అదే ఫ్లాస్కు, అదే పూట, మగ్గాల వీధిలో అందరికీ పొక్కింది. మందు పాడైందని నేను రాస్తే ఆ పిల్లలందరికీ మళ్ళీ గీయాలి. ఇప్పటికే జ్వరాలతో ఉన్నారు.”

“అయితే నువ్వు దొంగవి. రెండిట్లో ఒకటి. వారంలోపు జవాబు చెప్పు” అని ఆఫీసరు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఇంకో కబురు వచ్చింది. గూడూరు దగ్గర పల్లె నుంచి మాకు కరక్కాయలు తెచ్చి అమ్మే అతనికి అమ్మవారు పోసిందట. నాలుగు రోజుల కిందట మా అరుగు మీద కూర్చుని, నా కూతురిని ఒళ్ళో పెట్టుకుని, మజ్జిగ తాగి వెళ్ళినవాడే. చేయి నున్నగా ఉంది అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. మా అత్త మొహం కూడా మారింది. కానీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆ ఇంట్లో ఆమె మాట్లాడాకే ఇంకెవరైనా మాట్లాడేది.

మర్నాడు పొద్దున్నే టీకాలాయన వచ్చి మా పందిరి కింద పీట వేసుకుని కూర్చున్నాడు. ఏం బావా, ఏం చూస్తున్నావు అన్నాడు మస్తాను.

“తేడా చూస్తున్నాను. రెండు దేశాలకి ఒకే మందు ఇస్తే, ఒకచోట పని చేసి ఇంకోచోట చేయలేదనుకో. మందుని తిడితే లాభం లేదు మస్తానూ. వీళ్ళు చేసేదేంటి, వాళ్ళు చెయ్యనిదేంటి, అది చూడాలి. నిన్న పొద్దుగూకేదాకా మగ్గాల వీధిలో కూర్చున్నాను. ఇవాళ మీ దగ్గర.”

“కూర్చో. కానీ ఊరికే కూర్చోకు, ఆ బట్ట కొస పట్టుకో.”

ఆయన బట్ట కొస పట్టుకుని పొద్దెక్కేదాకా కూర్చున్నాడు. మేం ఏం తింటాం, ఎక్కడ నీళ్ళు తోడతాం, పిల్లలకు ఏం రాస్తాం, అన్నీ చూశాడు. అప్పుడు మస్తాను తీసిన కొత్త అచ్చుకు ఎక్కడో చీలిక ఉంది. గుద్దగానే బొటనవేలు చీరుకుంది. “అబ్బా!” అన్నాడు. మా అత్త మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా గూట్లోకి చెయ్యి పెట్టి, పటిక తీసి వాడి వేలికి రుద్దేసింది.

టీకాలాయన చేతిలో బట్ట జారిపోయింది.

“అమ్మగారూ, అదేంటండీ?”

“పటిక. నెత్తురు కట్టుద్ది.”

“చెయ్యి తెగితే ఎప్పుడూ ఇదేనా?”

“మరేం రుద్దమంటావు, జున్నా?”

ఆయన నవ్వలేదు. “టీకా వేసిన రోజున కూడానా అండీ?”

మా అత్త చెయ్యి ఆగిపోయింది. పక్క బల్లల మీద అచ్చుల చప్పుడు కూడా ఒక్కొక్కటే ఆగిపోయింది. మా అత్త నా వైపు చూసింది. నోరు విప్పొద్దని ఆ చూపు. నా కూతురు పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నున్నటి చెయ్యి.

“అవునండీ” అన్నాను. “కడిగాం. రుద్దాం. వీధిలో అందరం. నా బిడ్డ చెయ్యి నేనే పట్టుకున్నాను.”

“ఎంతసేపటికి?”

“మీరు పక్కింటి గడప ఎక్కగానే.”

తిడతాడనుకున్నాను. కొట్టినా పడేదాన్నే. ఆయన పీట మీంచి లేచాడు, గొడుగు ఎక్కడో పడింది, రెండు చేతులూ పైకెత్తి గెంతాడు. గెంతాడంటే నిజంగానే గెంతాడు, నలభైకి దగ్గరపడ్డ గవర్నమెంటు మనిషి.

“దొరికింది! దొరికిందండీ! ఎంత పనిచేశారమ్మా! ఒకళ్ళు వద్దన్నారు, ఒకళ్ళు కాగితం రాసిచ్చారు, ఒకళ్ళు పారిపోయారు, ఒకళ్ళు హుకుంకి భయపడ్డారు. నవ్వుతూ చెయ్యి చాచి, వెనక్కి తిరిగి కడుక్కున్నవాళ్ళు ఏ దేశంలోనూ లేరమ్మా! ఇది నా దేశాల పట్టీలోనే లేదు!”

“తప్పేనంటావా నాయనా?” అంది మా అత్త. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“అమ్మగారూ, అద్దిన బట్ట తడి ఆరకుండానే కాలవలో వేస్తే?”

“రంగు పోద్ది. బుర్ర ఉన్నవాడు ఎవడన్నా వేస్తాడా?”

అనేసి ఆగింది. ఆమె మాట ఆమెకే వచ్చి తగిలింది. నెమ్మదిగా అరుగు మీద కూర్చుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆరనివ్వండి, ఆరనివ్వండి అని ఊరందరికీ చెప్పిన మనిషి. ఆరకముందే రంగు ముట్టుకున్నందుకు నా వేళ్ళ మీద ఎన్నిసార్లు కొట్టిందో!

“మరి మీ ఆఫీసరుకి ఏం చెప్తారు?” అని నేనడిగాను.

“నిజం చెబితే మీ వీధి పేరు పోతుంది. చెప్పమంటారో వద్దంటారో మీరే తేల్చాలండీ.”

“నా వీధి పేరు నేను చూసుకుంటాలే” అని మా అత్త కసిరింది. “ఇక్కడ నిలబడి గెంతుతావేంటి? ముందు మందు పట్రా. పో, బండి వచ్చే వేళయింది.”

ఆయన స్టేషను వైపు పరుగెత్తాడు. గొడుగు మర్చిపోతే మస్తాను వెనకాల పరుగెత్తి ఇచ్చొచ్చాడు. అది బుధవారం.

మర్నాడు తెల్లవారేసరికి మా అత్త ఇంటింటికీ తిరిగి పటికంతా తెప్పించింది. గడ్డలు, పొడి, నీళ్ళు కలిపిన చెంబులతో సహా. అన్నీ ఒక పెద్ద గంపలో, వీధి మధ్యన. గంప పక్కన తను, చేతిలో బట్టలు బాదే కర్ర. మా ఎరుకలో మా వీధి పొద్దున్నే అచ్చు ఎత్తకుండా ఉన్నది ఆ ఒక్క రోజే.

బందరు బండి దిగి ఆయన వస్తుంటే మొదట చూసినవాడు మస్తాను. “అరెరే! చూడండి, చూడండి!” అని కేక పెట్టాడు. ఆయన గొడుగు తన నెత్తి మీద వేసుకుని వస్తున్నాడు! నడుముకు ఫ్లాస్కు లేదు.

“పెళ్ళికూతురేది బావా?”

“జేబులో ఉంది!” అని గాజు గొట్టం తీసి అందరికీ చూపించాడు. అడుగున తెల్లగా చిటికెడు పొడి. “రష్యావాళ్ళు పంపారండీ! నిన్ననే బందరుకి వచ్చిందట, నాకోసమే వచ్చినట్టు! మందుని ఎండబెట్టేశారు! ఎండకి చావదు, మంచు అక్కర్లేదు. జావాలో ఒలందావాళ్ళు, అదే డచ్చివాళ్ళు, ఎప్పుడో ఎండబెట్టారని చదివాను. మన బందరులో గోరీలు కట్టుకుని పడుకున్నారే, ఆ ఒలందావాళ్ళే. మనం చేపలు ఎండబెడతాం, మామిడి ఒరుగులు ఎండబెడతాం, దీన్ని ఎండబెట్టాలని ఎవరికీ తోచలేదు చూశారా!”

“ఉప్పులాగుంది” అంది మా అత్త.

“ఉప్పే అమ్మగారూ. దీంతో ఊరంతా బతుకుతుంది.”

ముందు పిల్లలందరి నుదుళ్ళు ముట్టి చూశాడు. ఎవరికీ జ్వరం లేదు. పొడిలో నీటి మందు కలిపాడు. “ఎవరు ముందు?” అన్నాడు.

“నా మనవరాలు” అంది మా అత్త. “పటిక ముందు రుద్దింది దానికే.”

ఎనిమిదీ పది. ఆయన అరిచాడు. నేను నా కూతురి చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి ముట్టుకోకుండా ఉండటానికి. ఒక్కొక్కరికీ గీస్తూ, ఒక్కొక్కరి టైమూ అరుస్తూ ఆయన వీధి చివరిదాకా వెళ్ళాడు. వీధి పొడుగునా అందరూ చేతులు చాచి నిలబడ్డారు, దండెం మీద ఆరేసిన బట్టల్లా. నవ్వడానికి కూడా భయం, చెయ్యి కదులుతుందని. ఈగ వాలబోతే మా అత్త విసనకర్రతో తరుముతోంది.

“ఆరకముందు చెయ్యి వేసిందా, ఈ కర్రతో విరగ్గొడతా. ఎవరైనా సరే!”

“అత్తా, ముక్కు దురదగా ఉందే” అన్నాడు మస్తాను.

“కుడి చేత్తో గోక్కో, సన్నాసీ!”

ఎనిమిదీ ఇరవైకి నా కూతురి చెయ్యి మీద మందు ఆరింది. ఆయన వచ్చి వంగి చూశాడు. ఒక పెద్ద దుప్పటి మొత్తం అచ్చు కదలకుండా అద్ది లేచిన పనివాడి మొహం ఆయనది.

“అమ్మగారూ, మీ వీధి ఏ దేశమో తేలిందండీ. రష్యా కాదు, అమెరికా కాదు, ఇంగ్లండు కాదు. తప్పు చేసి, ఒప్పుకుని, తలుపు తీసి మళ్ళీ రమ్మన్న దేశం నా పట్టీలో లేదు. ఇవాళ్టి నుంచి పెడన అని రాసుకుంటాను.”

“రాసుకో. పటిక సంగతి మాత్రం రాయకు” అంది మా అత్త.

ఎనిమిదో రోజున ఆఫీసరు మళ్ళీ వచ్చేసరికి నా కూతురి చెయ్యి ఎర్రగా పొక్కి, ఒళ్ళు కాలిపోతోంది. అది ఏడుస్తుంటే నాకు పండగలా ఉంది. వీధంతా ఏడుపులే, వీధంతా పండగే. రాయొద్దన్న మా అత్తే వాచిన తన చెయ్యి ఆఫీసరు మొహం ముందు పెట్టింది.

“అయ్యా, మొదటిసారి ఈయన వేశాడు, మేం కడిగేశాం. దొంగలం మేము. రాసుకోండి. నాంచారమ్మ చెప్పిందని రాసుకోండి.”

ఆఫీసరు చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఇంకెవరెవరు ఏమేం చేస్తున్నారో చూడాలయ్యా” అని టీకాలాయనతో అన్నాడు. అంతే. టీకాలాయన ఉద్యోగం ఉంది. నెల తిరక్కుండా పూర్తిగా దివిసీమకే మార్చేశారు. వెళ్తూ వెళ్తూ ఒక పటిక గడ్డ అడిగి తీసుకెళ్ళాడు, లంకల్లో చూపించడానికట.

కరక్కాయలతను బతికాడు, ఒక కన్ను పోయింది. వాళ్ళ పల్లెలో ముగ్గురిని పూడ్చారు. మా వీధికి అమ్మవారు రాలేదు.

ఆ గురువారం పొద్దున్న ఆ వీధిలో ఉన్నవాళ్ళు: గంప పక్కన కర్ర పట్టుకుని మా అత్త నాంచారమ్మ. ముక్కు గోక్కుంటూ మస్తాను, అతని భార్య బీబీజాను, వాళ్ళ ఇద్దరు పిల్లలు కాశిం, ఫాతిమా. నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగిన మా ఆయన వెంకటేశ్వర్లు. అచ్చులు చెక్కే సుబ్బయ్యాచారి, ఆయన తల్లి భద్రమ్మ. బైబిలు చంకలో పెట్టుకునే వచ్చిన దీనమ్మ, ఆమె కవలలు మార్తా, మరియ. కరక్కాయలు దంచే పోలమ్మ, ఆమె చంటివాడు, వాడికి ఇంకా పేరు పెట్టలేదు. రంగులు కాచే అప్పారావు, అతని చెల్లెలు రత్తమ్మ. నా కూతురు నాగలక్ష్మి, నా ఒళ్ళో. దాన్ని పట్టుకుని నేను, కోటేశ్వరమ్మని. గొడుగు కింద ఆయన.